గూళ్ళ కాలంలో కలుపు

కౌంటీ నుంచి వచ్చిన కాగితాన్ని ఆర్డిస్ హౌగెన్ మూడుసార్లు చదివింది. మొదటిసారి పోస్టు డబ్బా దగ్గర నిలబడి, రెండోసారి వంటింట్లో కళ్ళజోడు పెట్టుకుని. మూడోసారి ఎందుకు చదివిందో ఆమెకే తెలియదు. ఎన్నిసార్లు చదివినా అందులో ఉన్నది ఒకటే. ఆమె పదకొండు ఎకరాల్లో థిసిల్ అనే ముళ్ళ కలుపు పూతకొచ్చిందని ఫిర్యాదు అందింది. జులై ఇరవై సాయంత్రంలోగా ఒక్క మొక్క లేకుండా తీసెయ్యాలి. తియ్యకపోతే మర్నాడు పొద్దున్నే కౌంటీ ట్రక్కు వచ్చి పొలమంతా మందు కొడుతుంది. ఆ రోజు పద్నాలుగో తారీఖు.

మందంటే ఏమిటో ఆమెకు బాగా తెలుసు. వెడల్పాకు మొక్క కనబడితే చాలు, మంచిదా చెడ్డదా అని అడగకుండా మాడ్చేసే మందు. దాని తర్వాత గడ్డి ఒక్కటే మిగులుతుంది. ఆ పదకొండు ఎకరాల్లో ఆమె చల్లిన విత్తనాలు అరవై రకాలు. ఒకప్పుడు అయోవా అంతా పరుచుకుని ఉన్న ప్రెయిరీ, అంటే నాటు పూల గడ్డిభూమి, నాగలి పడక మిగిలిపోయిన ఒక రైలుకట్ట పక్కన కాస్త బతికి ఉంటే, ఆరేళ్ళపాటు ప్రతి శరత్తులోనూ నడుం వంచి అక్కడ గింజ గింజా ఏరి, కాగితం సంచుల్లో పెట్టి, పేర్లు రాసి దాచినవి. ఆ రైలుకట్ట ఇప్పుడు లేదు. పట్టాలు పీకేశారు, కంకర తోడేశారు, దున్ని మొక్కజొన్న వేశారు. మళ్ళీ ఏరుకొద్దామంటే ఏరడానికి చోటే లేదు. ఆ కట్ట మీద పూసినవాటికి మిగిలిన నేల ఇదొక్కటే.

సరే, మిషను పెట్టి కోసేస్తే పోలా అని ఎవరికైనా అనిపిస్తుంది. మొదటి ఏడు ఆమె చేసింది అదే. విత్తనం నుంచి ప్రెయిరీ పెంచేవాళ్ళు మొదటి ఏడు చేసేది అదొక్కటే. నాటు మొలకలు ఆ ఏడంతా నేల కింద వేళ్ళు దించుకుంటూ పైకి మాత్రం వేలెడు కూడా లేవవు. కలుపేమో మనిషెత్తు లేస్తుంది. అందుకని జానెడు ఎత్తులో మిషను పట్టి, కలుపు గింజ కట్టకముందే దాని తల తీసెయ్యాలి. మళ్ళీ లేస్తే మళ్ళీ తియ్యాలి. ఆర్డిస్ ఆ వేసవిలో ఐదుసార్లు కోసింది. రోడ్డు మీద పోయేవాళ్ళు బళ్ళు ఆపి మరీ చూసి నవ్వారు.

ఇది రెండో ఏడు. రెండో ఏడు కొయ్యకూడదు. ఈ నేలని పదేళ్ళు పంటకి వాడనని ఆమె ఇంకో ఆఫీసుతో ఒప్పందం మీద సంతకం పెట్టింది. అందులో మే పదిహేను నుంచి ఆగస్టు ఒకటి దాకా పిట్టలు గూళ్ళు పెట్టే కాలమనీ, మొదటి ఏడు తప్ప ఆ కాలంలో మిషను దింపరాదనీ రాసుంది. ఆర్డిస్ ఆ ఆఫీసుకి ఫోన్ చేసింది. ఫోనెత్తిన పిల్ల చాలా మర్యాదగా మాట్లాడింది. ప్రత్యేక అనుమతికి ఒక ఫారం ఉందండీ, పంపిస్తాను, మూడు వారాల్లో జవాబు వస్తుందండీ అంది. మూడు వారాలంటే ఆగస్టు. ఒక ఆఫీసు కొయ్యమంటుంది, ఒక ఆఫీసు కొయ్యొద్దంటుంది. ఇద్దరికీ ఆర్డిస్ మెడే దొరికింది.

సాయంత్రం ఆరింటికి అన్నయ్య పాల్మర్ చేతులు కడుక్కుని బల్ల దగ్గర కూర్చున్నాడు. అన్నకి అరవై తొమ్మిది, చెల్లెలికి అరవై ఆరు. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు, ఇద్దరూ పుట్టిన ఇల్లు దాటలేదు. తండ్రి పోయాక నేల పంచుకున్నప్పుడు ఏటవాలు పదకొండు ఎకరాలు ఆర్డిస్‌కి వచ్చాయి. మిగతాదంతా పాల్మర్ సాగు. ఆమె నేలకి మూడు వైపులా అతని మొక్కజొన్న, నాలుగో వైపు అతని సోయా. ఇద్దరూ తలలు వంచి ప్రార్థన చెప్పుకున్నాక, ఆర్డిస్ వేడి గిన్నె అతని వైపు జరిపింది.

"ఎవరో నా మీద కౌంటీలో ఫిర్యాదు పెట్టారు," అంది.

పాల్మర్ ఉప్పు అందుకున్నాడు. "ఊఁ."

"ఊఁ ఏంటి? ఎవరో నీకు తెలుసా?"

"తెలుసు."

"ఆ రోడ్డవతల టోర్‌గర్‌సన్ వాడేనా? చర్చిలో మొహం మీద నవ్వుతాడు, వెధవ."

"వాడికంత ఓపిక ఎక్కడిది. నేనే పెట్టాను."

ఆర్డిస్ గరిటె గిన్నెలో పడేసింది. "నా చేతి కూడు తింటూ నా మీద ఫిర్యాదా, అన్నయ్యా?"

"కూటికీ దానికీ సంబంధం ఏంటే? కూడు బానే ఉంది."

"నాకు చెప్పొచ్చుగా!"

"చెప్పలేదూ? మేలో చెప్పా. జూన్‌లో రెండుసార్లు చెప్పా. మూడో ఏడు పూలు చూడు, మూడో ఏడు చూడు అంటావు. ఈలోపు నీ ముళ్ళ గింజలు గాలికి లేచి నా సోయాలో పడితే నేను ఎవర్ని చూడాలి? ధాన్యం గోదాము దగ్గర పొద్దున కాఫీకి వెళ్తే ఏమంటున్నారో తెలుసా? 'ఏం పాల్మర్, మీ చెల్లెలు ఈ ఏడు ఏ రకం కలుపు వేసింది, ఎకరానికి ఎంత దిగుతుంది' అంటున్నారు. నలభై ఏళ్ళలో నా సోయాలో ఒక్క కలుపు మొక్క చూపించమను ఎవడినైనా."

ఆ మాట మటుకు నిజం. ఆ ప్రాంతంలో మనిషి విలువ అతని సోయా చేలో తెలుస్తుంది. మందులు రాకముందు ఊళ్ళో పిల్లలందరూ జులైలో పొద్దున్నే పొడుగు కర్రకి బిగించిన కొక్కెం పట్టుకుని సోయా వరసల్లో నడిచేవాళ్ళు. నాలుగు వరసలకి ఒకరు, సోయా కానిది ఏది కనిపించినా ఒక్క లాగు. అన్నాచెల్లెళ్ళిద్దరూ అలా నడిచి పెరిగినవాళ్ళే. ఆర్డిస్ పెద్దయ్యాక ఊరి పిల్లలకి మేస్త్రీగా కూడా చేసింది. ఇప్పుడు పని అంతా మందు చూసుకుంటుంది, పిల్లలెవరూ నడవరు. పాల్మర్ మాత్రం ఇప్పటికీ ప్రతి జులైలో కొక్కెం పట్టుకుని తన వరసలన్నీ నడుస్తాడు. ఎందుకంటే చెప్పడు.

"ట్రక్కు వస్తే పూలన్నీ పోతాయి, తెలుసా నీకు?" అంది ఆర్డిస్.

"కలుపు తీస్తారనుకున్నా. అంతా మాడుస్తారని నాకేం తెలుసు," అన్నాడు పాల్మర్. కాస్త తగ్గాడు గానీ తినడం ఆపలేదు.

ఆర్డిస్ ఆ రాత్రి గిన్నెలు కడగలేదు. అరవై ఏళ్ళలో ఆ ఇంట్లో గిన్నెలు తెల్లారేదాకా అలాగే పడి ఉండటం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున ఆమె కొక్కెం, నారతాడు ఉండ, నీళ్ళ కూజా తీసుకుని పొలంలో దిగింది. పిట్టల ఒప్పందం మిషనునే వద్దంది, చేతిని వద్దనలేదు. ఆరడుగుల వెడల్పున తాడు కట్టుకుంటూ, ఆ పట్టీలో మొదటి నుంచి చివరి దాకా నడిచి, ప్రతి థిసిల్‌నీ నేలకి ఆనించి కోసి, తాడు జరిపి మళ్ళీ వెనక్కి రావాలి. పీకకూడదు. పీకితే పక్కనున్న మొలకలు మట్టితో సహా లేచొస్తాయి, లోపల తెగి మిగిలిన ప్రతి వేరు ముక్కా ఒక కొత్త థిసిల్ అయి లేస్తుంది. దాన్ని అందరూ కెనడా థిసిల్ అంటారు గానీ అది కెనడాది కాదు. ఐరోపా నుంచి గోధుమ గింజల్లో కలిసి ఓడెక్కి వచ్చింది. హౌగెన్‌ల తాత వచ్చిందీ అలాంటి ఓడలోనే కాబట్టి దాన్ని పరదేశిదని తిట్టే హక్కు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. అయినా ఆర్డిస్ తిట్టింది.

మొదటి రోజు ఆమె ఇంకా తెలివిగా చేద్దామనుకుంది. కోసిన ప్రతి మోడు మీదా చిన్న రంగుబ్రష్‌తో ఒక్కో చుక్క మందు అద్దింది. అలా అయితే వేరు కూడా చస్తుంది. మధ్యాహ్నానికి అర ఎకరం కూడా కాలేదు. బ్రష్‌ని డబ్బాలో పడేసి, ముందు తలలు తీద్దాం, వేళ్ళ సంగతి వచ్చే ఏడు చూద్దాం అనుకుంది.

జులైలో ఆ ప్రాంతంలో మొక్కజొన్న ఏడడుగులు ఉంటుంది. మూడు వైపులా గోడల్లా నిలబడి గాలి చొరనివ్వదు. రాత్రి తాగిన నీళ్ళు పగలంతా ఆవిరిగా వదులుతుంది. ఆ మధ్యలో పనిచేసే మనిషికి ఊపిరి తీసుకుంటున్నట్టే ఉండదు. ఇల్లు కనబడదు, రోడ్డు కనబడదు. ఆర్డిస్ నిటారుగా నిలబడి చూస్తే పచ్చటి గోడ, వంగి చూస్తే ముళ్ళు. రెండో రోజుకి చేతి తొడుగుల్లోంచి కూడా ముళ్ళు దిగాయి. మూడో రోజుకి కుడి మోకాలు వంగడం మానేసింది. అప్పట్నుంచి ఆమె ఎడమ మోకాలి కింద ఒక పాత కుషను పెట్టుకుని, దాన్ని జరుపుకుంటూ పాకింది.

సాయానికి ఎవరినైనా పిలుద్దామని మధ్యాహ్నం ఇద్దరికి ఫోన్ చేసింది. ఒకావిడ, ఇప్పుడు సోయాలోనే ఎవరూ నడవడం లేదు, కలుపు మొక్కల్లో ఎవరు నడుస్తారమ్మా అని నవ్వేసింది. రెండో ఆయన ఆదివారం అయితే వస్తానన్నాడు. ఆదివారానికి ట్రక్కు వచ్చి వెళ్ళిపోయి ఉంటుంది.

ఆ సాయంత్రం ఒక గుబురు దగ్గర కొక్కెం చాచబోయి ఆగిపోయింది. గడ్డి దుబ్బులో గూడు. నాలుగు పిల్లలు, కళ్ళు తెరవనివి, ఆమె నీడని తల్లి అనుకుని నోళ్ళు తెరిచాయి. మిషను దింపి ఉంటే ఈపాటికి నాలుగూ ముక్కలయ్యేవి. ఆ ఆఫీసు రాసిన ఒప్పందం తప్పని తిట్టుకునే సుఖం కూడా ఆమెకి దక్కలేదు. ఆమె గూడుకి ఆనుకుని ఉన్న మూడు థిసిళ్ళని వంటింటి కత్తెరతో ఒక్కొక్కటిగా కత్తిరించి, అక్కడే కూలబడి ఏడ్చింది.

ఏడుపు పిట్టల కోసం కాదు. ఎవరు పెట్టమన్నారు సంతకం? ఎవరూ పెట్టమనలేదు. వద్దని అన్నయ్య చెప్పాడు, పాస్టరు చెప్పాడు, చివరికి ఆ ఆఫీసు వాళ్ళు కూడా ఇంకోసారి ఆలోచించుకోండి అన్నారు. ఇంకా ఎనిమిదేళ్ళుంది. ఎనిమిదేళ్ళకి తనకి డెబ్బై నాలుగు. అమ్ముకోవడానికి లేదు, దున్నడానికి లేదు, వదిలేసి ఎక్కడికో పోవడానికి తనకి ఈ ఇల్లు తప్ప ఎప్పుడూ ఏదీ లేదు. ఇంట్లో ఉన్నది తన మీద ఫిర్యాదు పెట్టిన మనిషి. ఆ క్షణాన ఆమెకి తన పొలమన్నా, ఆ అరవై రకాల పూలన్నా ఒళ్ళు మండింది. ట్రక్కు వస్తే రానీ, పీడా పోతుంది అనుకుంది. అలా అనుకున్నందుకు ఇంకాస్త ఏడ్చి, ముక్కు తుడుచుకుని, తాడు జరిపింది. ఇంకా ఐదెకరాలుంది.

నాలుగో రోజు పొద్దున మంచు ఆరకముందే వెనక అడుగుల చప్పుడు వినిపించింది. పాల్మర్. చేతిలో కొక్కెం. పక్క పట్టీలోకి దిగి పని మొదలుపెట్టాడు. పది అడుగులు వెళ్ళాక ఒక పెద్ద థిసిల్‌ని రెండు చేతులా పట్టుకుని, కాలు తన్నిపెట్టి, వేరుతో సహా లేపి గాల్లో ఆడించాడు.

"పీకకు!" అని అరిచింది ఆర్డిస్.

"కలుపు పీకకుండా ఏం చేస్తారే, ముద్దు పెట్టుకుంటారా?"

"ఇటు తే." ఆమె ఆ వేరు మట్టిని అరచేతిలో విప్పింది. మట్టిలోంచి చిటికెన వేలంత ఆకుతో ఒక మొలక బయటపడింది. దాని కింద తోకలా వేలాడుతున్న వేరు ఆమె మోచేతి దాకా ఉంది, అదీ మధ్యలో తెగి. "ఇది దిక్సూచి మొక్క. దీని మొదటి పువ్వు చూడటానికి ఎనిమిదేళ్ళు పడుతుంది. రెండేళ్ళు ఎండకీ మంచుకీ తట్టుకుంది. నీకు తట్టుకోలేకపోయింది."

పాల్మర్ దాన్ని తీసుకుని చూశాడు. మళ్ళీ గుంటలో పెట్టి, చుట్టూ మట్టి నొక్కి, తన కూజాలోంచి కాసిని నీళ్ళు పోశాడు.

"బతుకుతుందా?"

"బతకదు."

"బతకదని నీకేం తెలుసు. నాకు బానే కనబడుతోంది," అని గొణిగాడు. అప్పట్నుంచి పీకలేదు.

మధ్యాహ్నం ఇంకో గొడవ. పొలం ఎగువన నడుమెత్తు థిసిల్ ఒకటి, చివర్న గట్టి మొగ్గలతో నిలబడి ఉంది. పాల్మర్ కొక్కెం తగిలించబోతే ఆర్డిస్ కర్ర పట్టుకుంది.

"అది వద్దు. అది నాటుది."

"థిసిల్ థిసిలే. నన్ను గుచ్చేముందు అది ఏ ఊరిదో చెప్తుందా?"

"ఆకు తిప్పి చూడు."

తిప్పి చూశాడు. కింద తెల్లగా, పిండి అద్దినట్టు ఉంది. ఇంతసేపూ కోసినవాటికి రెండువైపులా పచ్చే.

"ఇది వేళ్ళతో పాకదు. ఎక్కడ పుట్టింది అక్కడే ఉంటుంది," అంది ఆర్డిస్. "రెండేళ్ళే బతుకు. మొదటి ఏడు నేలబారున ఆకులు, రెండో ఏడు ఒక్కసారి పూత, గింజ, అంతే. రైలుకట్ట మీద చివరి ఏడు రెండే మిగిలితే, ఆ రెండిట్లోంచీ గింజ తెచ్చాను. ఇక్కడ పంతొమ్మిది లేచాయి. మన తాత కన్నా ముందునుంచీ ఇవి ఈ నేలవే."

"అయితే పన్ను కూడా వాటినే కట్టమను," అన్నాడు పాల్మర్. కానీ ఆ పంతొమ్మిదినీ చుట్టి వెళ్ళాడు.

ఇరవయ్యో తారీఖు మధ్యాహ్నం మూడింటికి చివరి పట్టీ అయిపోయింది. ఆర్డిస్ తాడు చుట్టేస్తుంటే ఆమె వేళ్ళు ఉండని పట్టుకోలేకపోయాయి. నాలుగింటికి కౌంటీ కలుపు అధికారి వచ్చాడు. అతని పేరు డ్వేన్ బ్రెక్కే. పన్నెండేళ్ళప్పుడు ఆర్డిస్ మేస్త్రీగా ఉన్న గుంపులో సోయా నడిచాడు. ఇప్పుడతనికి యాభై దాటాయి, పొట్ట వచ్చింది, ఆమె ముందు టోపీ తియ్యడం మాత్రం మానలేదు.

పొలం ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగుసార్లు నడిచాడు. తిరిగొచ్చేటప్పుడు అతని మొహం తేలికపడి ఉంది.

"అక్కా, చేత్తోనా ఇదంతా? నేను మా ఆఫీసులో చెప్పినా నమ్మరు."

"నమ్మక్కర్లేదు. సంతకం పెట్టు చాలు."

అతను కాగితం తీశాడు, పెన్ను తీశాడు. అంతలో ఎగువ వైపు చూపు ఆగింది. "మరి అవి?"

"అవి నాటువి."

"థిసిళ్ళే కదా?"

"నాటువి అంటున్నాగా, డ్వేన్. అవి పాకవు. ఎవరి పొలాన్నీ చెడగొట్టవు. నీకు నేర్పించింది నేను, నాకు తెలియదా?"

"నీకు తెలుసక్కా. చట్టానికి తెలీదు." జేబులోంచి చిన్న పుస్తకం తీసి, నాలిక మీద వేలు తడుపుకుని తిప్పి, అక్కడున్నది చదివాడు. థిసిల్ జాతిలో ఏదైనా సరే, అని ఉంది. నాటువని, పరదేశివని లేదు.

పాల్మర్ ముందుకొచ్చాడు. "నీకు కళ్ళు పోయినట్టున్నాయిరా అబ్బాయ్. అవి పొద్దుతిరుగుళ్ళు."

"పాల్మరన్నా, పొద్దుతిరుగుళ్ళకి ముళ్ళు ఎప్పట్నుంచి?"

"ఈ ఏటి నుంచే."

ఎవరూ నవ్వలేదు. ఆర్డిస్ డ్వేన్ వైపు తిరిగింది. "ఆరు వారాలు ఇవ్వు. ఆగస్టు చివరికి గింజ పడుతుంది. గింజ ఏరుకున్నాక నేనే కోసేస్తా. నీ ముందే కోస్తా."

"గింజ పడకూడదనే కదక్కా ఈ చట్టం ఉంది," అన్నాడు డ్వేన్. అన్నాక తన మాట తనకే నచ్చనట్టు బూట్ల వైపు చూసుకున్నాడు.

"అయితే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటా," అన్నాడు పాల్మర్. "పెట్టింది నేనే. నాది నేను తీసుకుంటా. ఎక్కడ సంతకం పెట్టాలో చూపించు."

"ఒకసారి నోటీసు వెళ్ళాక వెనక్కి ఉండదన్నా. ఒక్క థిసిల్ ఉన్నా లేదని నేను రాయలేను. లేదని రాయకపోతే ట్రక్కు రేపు ఏడింటికి వస్తుంది. అది నా చేతిలో లేదు." అతను టోపీ పెట్టుకున్నాడు. "నేను బండిలో కూర్చుని కాఫీ తాగుతాను. అరగంట పడుతుంది నాకు కాఫీ తాగడానికి."

అతను వెళ్ళాక అన్నాచెల్లెళ్ళిద్దరూ ఎగువకి నడిచారు. పంతొమ్మిది మొక్కలు. కొన్నిటి మొగ్గల కొసల్లో ఊదారంగు ఇప్పుడిప్పుడే తొంగిచూస్తోంది.

"ఒకటి తవ్వి బకెట్‌లో పెడితే?" అన్నాడు పాల్మర్.

"పూతకి లేచాక కదిపితే చస్తుంది."

"మొగ్గలు కోసి నీళ్ళలో పెడితే?"

"పచ్చి మొగ్గలో గింజ ఉండదు, అన్నయ్యా."

"ఇటివ్వు. నేను కోస్తా. నువ్వు అటు తిరుగు."

"వద్దు," అంది. ఆమె కొక్కెం అందుకుంది. అరవై రకాల కోసం ఒక రకం. లెక్క తేలికే, దానికి ఆలోచించక్కర్లేదు. ఆలోచించకుండానే మొదటిదాన్ని కోసింది. కాడ గట్టిగా ఉంది, రెండుసార్లు లాగాల్సి వచ్చింది. ఆరు రోజులుగా వేల మొక్కలు కోసిన చెయ్యి అది. అయినా ఈ పంతొమ్మిదీ కోసేసరికి ఆ చెయ్యి కర్రని వదిలేసింది. కోసినవాటిని కుప్పగా వెయ్యలేదు. ఎక్కడిదక్కడే పడుకోబెట్టింది. ఆమెకి చాలా దుఃఖంగా ఉంది, దాన్ని దాచుకునే ఓపిక కూడా లేదు. పాల్మర్ టోపీ చేతిలో పట్టుకుని, ఎవరినో పూడ్చేటప్పుడు నిలబడినట్టు నిలబడ్డాడు.

డ్వేన్ సంతకం పెట్టాడు. కాగితం ఆమెకిచ్చి బండెక్కాడు. చల్లిన అరవై రకాల్లో ఎన్ని మొలిచాయో అన్నీ బతికాయి, ఒక్కటి తప్ప.

ఆరింటికి బల్ల దగ్గర కూర్చున్నారు. నిన్నటి కూరే వేడి చేసింది. ప్రార్థన పాల్మర్ ఒక్కడే చెప్పాడు.

"నా సోయాలో ఒకటుంది," అన్నాడు పాల్మర్, కంచంలోంచి తలెత్తకుండా.

"ఏముంది?"

"అదే. నీ నాటుది. రోడ్డు వైపు మూల మీద, మందు మిషను మలుపు తిరిగే చోట, మందు అందక, నాలుగో వరసలో. విత్తనం చల్లిన రోజు గాలికి పోయుంటుంది."

ఆర్డిస్ చెంచా కింద పెట్టింది. "నాటుదేనని నీకెలా తెలుసు?"

"మూడు రోజులుగా నా బుర్ర తింటున్నావుగా. తెలీకేం."

"ఎప్పుడు చూశావు?"

"మొన్న. కొక్కెం కూడా తగిలించాను." ఒక ముక్క నమిలి మింగాడు. "లాగలేదు."

"రోడ్డు మీదకి కనిపిస్తుందా?"

"సోయా నడుం దాకా, అది గుండె దాకా. కనిపించక చస్తుందా? ఇవాళ పొద్దున గోదాము దగ్గర అందరూ దాని గురించే. పాల్మర్‌కి వయసైపోయింది, ఇక నేల కౌలుకిచ్చేస్తాడు అని కూడా తేల్చేశారు."

"నువ్వేం అన్నావు?"

"ఏమంటాను. కాఫీ అక్కడే వదిలేసి వచ్చేశా."

ఆర్డిస్ అతని వైపు చూసింది. నలభై ఏళ్ళు ప్రతి జులైలో ఎవరూ అడక్కుండా ప్రతి వరసా నడిచిన మనిషి. దానికి గింజ పట్టే ఆగస్టు చివరి దాకా ఇంకా ఆరు వారాలుంది. ఆ ఆరు వారాలూ అతను గోదాముకి వెళ్ళడం మానేయాలి, లేదా వెళ్ళి ఆ నవ్వులన్నీ మింగాలి. ఈ ఇంట్లో ఇరుక్కుపోయింది తనొక్కతే అని ఆరు రోజులుగా అనుకుంటూ ఉంది ఆమె.

"ఎవడైనా దాని మీద కూడా ఫిర్యాదు పెడితే?" అంది.

"ఎవడు పెడతాడే? ఈ ఊళ్ళో ఫిర్యాదులు పెట్టే వెధవని నేనొక్కణ్ణే."

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెంటినీ మింగి, గిన్నెలో మిగిలిన కూరంతా అతని కంచంలో వేసింది. అతను వద్దనలేదు.

"పొద్దున్నే వెళ్ళి చూసి రానా?"

"చూడు," అన్నాడు పాల్మర్. "వరసలు మాత్రం తొక్కకు."